ఆది లేని సంచి

మేస్త్రమ్మ పోయిందని ఆటో డ్రైవరు చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, వచ్చింది. నల్లపాడులో మా కొట్టు ముందు బండి ఆపి, ఇంజనైనా ఆపకుండా, "టైలరు గారూ, మేస్త్రమ్మ పోయిందండి, నిద్రలోనే పోయిందంట" అన్నాడు. ఆ మాట వినగానే నా కళ్ళకు కట్టింది తుమ్మచెట్టుకు వేలాడుతున్న నా జీన్సు సంచీ, అందులో ఒక పసిబిడ్డ, ఆ బిడ్డను ఊపుతూ నన్ను చూసి పళ్ళికిలిస్తున్న మేస్త్రమ్మ. ఫక్కున నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? ఏదో ఒకటి చెయ్యండి, నాకు భయంగా ఉంది" అంది.

పేరు చెప్పను. ఆ పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేనైతే చూడలేదు కూడా. పత్తి తీతకూ మిరప కోతకూ ఆడవాళ్ళను కూడగట్టి పొలాలకు తీసుకుపోయే ముఠా ఆమెది. "రేపు కాలవ పక్క పొలం" అందంటే రేపు కాలవ పక్క పొలమే, ఇంక మాట లేదు. పెద్ద పెద్ద రైతులు "మేస్త్రమ్మ గారండీ, మా చేలో పత్తి తెల్లబడిపోతోందండీ" అని ఫోనులో బతిమాలుకునేవాళ్ళు. ఆమె ఫోను చెవికి ఆమడ దూరంలో పట్టుకుని, అవతలివాడు పక్క ఊళ్ళోంచి నేరుగా వినాలన్నట్టు అరిచేది. కొట్టుకొస్తే స్టూలు మీద కూర్చునేది కాదు, గడప మీద కూలబడి ఆకువక్క నమిలేది. చెప్పులు మాత్రం లోపల, నా కాళ్ళ దగ్గర విడిచేది. "బయట పెడితే పోతాయి సాయిబూ, నువ్వు కాపలా ఉండు" అనేది. దర్జీని చెప్పులకు కాపలా పెట్టిన మనిషి!

గుడ్డ చూడటం మాత్రం ఆమె దగ్గరే చూడాలి. ముందు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపేది. తర్వాత బుగ్గకు రాసుకునేది. తర్వాత వాసన చూసేది. ఇంతా చేసి, "ఊఁ" అని ఊరుకునేది. ఆ "ఊఁ"కు అర్థం ఏమిటో చెప్పమని ఎంత బతిమాలినా చెప్పేది కాదు. "కట్టుకుంటే కదా తెలుసుద్ది" అనేది. ఆమె నోట్లో మాటలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగేవి.

నాకు ఆమెతో పని పడింది ఎందుకంటే, ఆ ఏడు మా కొట్టు మూతపడే దశకొచ్చింది. రెడీమేడ్లు వచ్చాక చొక్కా కుట్టించుకునే మగవాడు లేడు. జాకెట్లు మా ఆవిడ కుట్టేది. నా మిషను మీద పిల్లి పడుకునేది. ఒంగోల్లో మా బావమరిదికి పెద్ద చీరల షాపుంది. "బావా, ఎందుకొచ్చిన తిప్పలు, మిషన్లు ఎత్తుకుని వచ్చెయ్, నా షాపులో చీరలు మడతపెట్టుకుందువుగాని" అన్నాడు. చూశారా! చీరలు విప్పి చూపించేవాడు ఒకడు, వాడి వెనకాల నిలబడి మడతపెట్టేవాడు ఒకడు. నన్ను ఆ రెండోవాణ్ణి చేస్తానన్నాడు, అదీ ప్రేమగా. మా ఆవిడ వేళ్ళు లెక్కబెట్టి, "డిసెంబరు నెలాఖరు దాకా చూద్దాం. ఆ తర్వాత నేను ఊరుకోను" అంది.

మా తాత దూది ఏకి పరుపులు కుట్టినవాడు. పత్తి అంటే మా ఇంట్లో ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. పొలాల వెంట స్కూటరు మీద పోతుంటే, ఆడవాళ్ళు పాత చీర ముక్కను నడుముకు ఒడిలా కట్టుకుని, అందులో పత్తి నింపుకుని, ఆ బరువుకు ముందుకు వంగిపోయి నడవడం కనబడేది. దానికి ఒక మంచి సంచీ కుడితే? చేతులు రెండూ ఖాళీగా ఉండి, నడుం మీద బరువు పడకుండా, నిండగానే గట్టు మీద సులువుగా పారబోసేట్టు? ఆలోచన వచ్చిన రోజు నేను అన్నం తినలేదు, అంత సంబరం. మేస్త్రమ్మ కట్టుకుంటే ముఠా కట్టుకుంటుంది. ముఠా కట్టుకుంటే పక్క ముఠాలు కట్టుకుంటాయి, ఇటు పొదిలి దాకా నా సంచే. మేస్త్రమ్మ కట్టుకోకపోతే ఒంగోలు.

మొదటి సంచీ మిగిలిన జీన్సు గుడ్డతో కుట్టాను. మెడలో వేసుకునేది. ముందు రెండు జేబులు, వెనక ఒకటి, దారం రెండు వరసలు. చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. మేస్త్రమ్మ నలిపింది, రాసుకుంది, వాసన చూసింది. అప్పుడు అడిగింది:

"ఆది ఏదీ?"

ఆది సంగతి మీకు తెలిసిందే. ఆడవాళ్ళు కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే, ఒంటికి చక్కగా నప్పిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ముందు పెడతారు, దీని ప్రకారం కుట్టమని. అదే ఆది. నప్పనిదాన్ని ఆదిగా ఎవరూ తేరు. ఆది చేతిలో ఉంటే దర్జీకి సగం దడ తగ్గుతుంది.

"దీనికి ఆది ఉండదక్కా. కొత్త రకం. ఇంతవరకు మనవైపు ఎవరూ కుట్టలేదు."

"ఆది లేకుండా కుట్టావా? మరి ఎవరి ఒంటికి నప్పిందని కుట్టావు, నీ ఒంటికా?"

"కట్టుకుంటే కదా తెలుసుద్ది" అన్నాను, ఆమె మాట ఆమెకే అప్పగించి. పెద్ద తెలివైనవాణ్ణని మురిసిపోయాను.

వారం తర్వాత పొలానికి పోయాను. ముఠా అంతా పాత చీర ముక్కలతోనే పత్తి తీస్తోంది. నా సంచీ గట్టు మీది తుమ్మచెట్టుకు వేలాడుతోంది. లోపల ఒక కూలీ ఆడమనిషి బిడ్డ, గుప్పిట నోట్లో పెట్టుకుని, హాయిగా నిద్రపోతోంది. మేస్త్రమ్మ ఉయ్యాల ఊపుతూ, "ఎంత గట్టి సంచి కుట్టావు సాయిబూ! తాడు తెగుద్దేమో గాని ఇది తెగదు. పత్తికే పనికిరాదు" అంది. ఎందుకు పనికిరాదో చెప్పలేదు. బిడ్డ లేచాక, సంచీ విప్పి మెడలో వేసుకుని ఒక గంట నేనే అటూ ఇటూ తిరిగాను. అబ్బ, ఖాళీ సంచికే మెడ లాగేసింది. గుడ్డ బరువు! జేబుల్లోకి ఎండాకు దూరి గుచ్చుకుంటోంది. ఇంక చెప్పేదేముంది.

ఆమె పద్ధతి అదే. నచ్చలేదని నోటితో అనదు. ఆ సంచీకి ఇంకో పని చూపిస్తుంది, అంతే. మిగిలింది మనమే వెతుక్కోవాలి.

రెండోది పల్చటి చిలకపచ్చ లైనింగు గుడ్డ. దానికి అడుగున జిప్పు పెట్టాను. సంచి నిండాక గట్టు మీద నిలబడి జిప్పు లాగితే పత్తంతా జారిపడాలి. ఎంత గొప్ప ఆలోచన! ఈసారి మేస్త్రమ్మ కట్టుకుంది కూడా. కట్టుకుని సాలులో దిగింది. నేను గట్టు మీద నిలబడి, ఇంకేం, ఒంగోలు గండం గడిచిందని అనుకుంటున్నాను. ఇంతలో సాలు చివర్నుంచి కేక:

"సాయిబూ! నీ జిప్పు ఊడిపోయింది!"

నేను వెంటనే వెనక్కి తిరిగి నా ప్యాంటు చూసుకున్నాను. ఇంక ఆ ముఠా నవ్వు! ఒకావిడ సాలులోనే కూలబడింది. ఇంకొకావిడ పొట్ట పట్టుకుని, "అన్నా, వద్దు, ఇటు తిరక్కు, నేను నవ్వలేను" అంటోంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊడింది సంచీ జిప్పు. పత్తి నూగు పళ్ళలో ఇరుక్కుని, జిప్పు దానంతటదే విడిపోయింది. మేస్త్రమ్మ నడిచినంత మేరా వెనకాల తెల్లగా పత్తి రాలుతూ పోయింది. రైతు పరిగెత్తుకొచ్చి, "పత్తి తియ్యమంటే విత్తుతున్నారేందే!" అని నెత్తి కొట్టుకున్నాడు. మేస్త్రమ్మ తొణకలేదు. "మళ్ళీ ఏడు నీకు విత్తనాల ఖర్చు తప్పుద్దిలేవయ్యా" అంది.

ఆ సాయంత్రమే ఇంట్లో మా ఆవిడ లంగాకు బొందు ఎక్కిస్తుంటే చూశాను. పిన్నీసుతో ఒక చివర దూర్చి, రెండో చివర లాగి, ముడేసింది. ఇంత తేలిక పని నా బుర్రకు ఎందుకు తట్టలేదు? జిప్పు పీకి పారేసి, సంచీ అడుగున బొందు పెట్టాను. లాగితే తెరుచుకుంటుంది, బిగిస్తే మూసుకుంటుంది. మా ఆవిడకు చెబితే, "నా లంగా చూసి నేర్చుకున్నానని ఊరంతా చెప్పకండి" అంది. ఇప్పుడు చెప్పేశాను, ఏం చేస్తాం.

మేస్త్రమ్మ అన్నదల్లా వేదమని మాత్రం అనుకునేరు! మూడో సంచీకి ఎర్రగుడ్డే కావాలని పట్టుబట్టింది. "పచ్చ చేలో పచ్చ సంచి కనపడి చావదు, ఎర్రది పెట్టు, ఎవరెక్కడున్నారో గట్టు మీద నుంచే తెలుసుద్ది" అంది. న్యాయంగానే ఉందనిపించి, ఎర్రగుడ్డ తెచ్చి, తడిపి ఆరబెట్టకుండా, ఆత్రం కొద్దీ కుట్టేశాను. పొద్దున్నే మంచులో పత్తి తీతకు దిగారు. మంచుకు గుడ్డ తడిసింది, రంగు దిగింది. మధ్యాహ్నం పట్టా మీద పారబోసిన పత్తి గులాబీ రంగులో ఉంది. రైతు పట్టా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గులాబీ పత్తిని గుంటూరులో ఎవరు కొంటారు? నేను మేస్త్రమ్మ వంక చూశాను, ఇప్పుడేమంటావు అన్నట్టు. ఆవిడ ఒక గుప్పెడు తీసి, బుగ్గకు రాసుకుని, "పత్తికి సిగ్గేసింది సాయిబూ" అంది. తప్పు తనదన్న మాట ఆవిడ నోట వచ్చేదే కాదు. పోనీ, తప్పు నీదని నన్ను కూడా అనలేదు. ఆ రంగంటిన పత్తంతా మా కొట్టుకే చేరింది. మా ఆవిడ దాంతో దిళ్ళు నింపింది.

నాలుగోది తెచ్చే సరికి డిసెంబరు సగం అయిపోయింది. బావమరిది రోజు మార్చి రోజు ఫోను. ఈసారి తెల్లగుడ్డ, భుజాల మీద రెండు పట్టీలు, అడుగున బొందు. మేస్త్రమ్మ చేతిలో పెట్టబోతే, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు కట్టుకో."

"నేనా?"

"నువ్వే. నేను కట్టుకుంటే నువ్వు గట్టు మీద నిలబడి సంచీని చూస్తావు. ఈ పూట నువ్వు తియ్యి, నేను చూస్తా. దిగు సాలులోకి!"

ఓరి నాయనో! నా పొట్ట సంగతి మీకు తెలియదు. లుంగీ ఎగ్గట్టి, సంచి తగిలించుకుని దిగాను. పావుగంటలో పత్తికాయల డొప్పలు గుచ్చుకుని వేళ్ళన్నీ మంటలు. సంచీ నిండేకొద్దీ ముందుకు పొంగుతోంది. నా పాదాలు నాకు కనబడటం మానేశాయి. మొక్కల కొమ్మలు పట్టీలను పట్టుకుని వదలవు. ముఠాలో ఒకావిడ మొదలుపెట్టింది: "ఎన్నో నెల అన్నా?" "తొమ్మిది నిండినట్టే ఉన్నయ్యే!" "బిడ్డ చిలకపచ్చా, గులాబీయా?" ఇంక వాళ్ళకు పత్తి లేదు, పొలం లేదు. అన్నాల వేళకు నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి, ఎవరివో గాజులు నా చిటికెన వేలికి తగిలించి, చెవిలో పత్తిపువ్వు పెట్టి, సీమంతం చేశారు. మేస్త్రమ్మ గోంగూర పచ్చడి అన్నం ముద్ద చేసి నా నోట్లో కుక్కింది. "తిను సాయిబూ, ఇద్దరి కోసం తినాలి" అంది. ఆమె మామూలుగా నవ్వితే చప్పుడు రాదు, ఒళ్ళు మాత్రం కదులుతుంది. ఆ రోజు మాత్రం కూత పెట్టి నవ్వింది. నేను కూడా నవ్వాను. కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. ఒంగోలు, బావమరిది, చీరల మడతలు, అన్నీ ఆ పూటకు మర్చిపోయాను.

మధ్యాహ్నం మళ్ళీ దించింది. ఈసారి నా వెనకే నడిచింది. నేను మెడ రుద్దుకున్న ప్రతిసారీ "ఆఁ" అంటోంది. ఉన్నట్టుండి కొడవలి తీసి, నా భుజాల మీది పట్టీలను పరపరా కోసేసింది.

"అయ్యయ్యో, కోశావేందక్కా!"

"నొప్పి ఇక్కడ పుడుతుంటే గుడ్డ ఇక్కడే ఎందుకు? ఆగు, కదలబాక."

కోసిన పట్టీలను వీపు మీద అడ్డంగా తిప్పి, నడుం కింద, తుంటి మీదికి లాగి కట్టింది. బరువు ఒక్కసారిగా మెడ మీద నుంచి దిగిపోయింది. చాక్పీసు గీత లేకుండా, కత్తెర లేకుండా, నా కుట్టును కొడవలితో కోసిన మనిషి మీద నాకు కోపం రావాలి. ఎగిరి గంతేశాను. సంచీ మూతి మాత్రం ముడుచుకుపోతోంది, పత్తి వెయ్యాలంటే ప్రతిసారీ తెరవాలి. ఒక పిల్ల, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, "మూతికి సైకిలు ట్యూబు ముక్క లోపల పెట్టి కుడితే తెరుచుకునే ఉండిద్ది గదా" అంది. అందరూ ఆమె వంక చూశారు. మేస్త్రమ్మ నా ఒంటి మీద నుంచి సంచీ విప్పుకుని, "ఇది నా దగ్గర ఉంచు" అని చంకలో పెట్టుకుని పోయింది.

అంతే. ఆ తర్వాత కబురు లేదు. ఫోను చేస్తే, "తీతలో ఉన్నా సాయిబూ" అని అరిచి పెట్టేసేది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అది కూడా ఏ చెట్టుకో ఉయ్యాల అయ్యుంటుందనీ, ఏ మేక మెడకో దాణా సంచి అయ్యుంటుందనీ అనుకున్నాను. కొత్త గుడ్డ తానుగా తెప్పించి పెట్టుకున్నాను, కత్తెర పెట్టడానికి ధైర్యం లేదు. నెలాఖరు వచ్చింది. మాట ప్రకారం బావమరిది వ్యాను వేసుకుని దిగాడు. మా ఆవిడ దారపు ఉండలు డబ్బాలో సర్దుతూ నా వంక చూడటం మానేసింది. మొదటి మిషను వ్యాను ఎక్కింది. నేను దాని తొక్కుడు పలక మీద చెయ్యి వేసి నిలబడ్డాను. బావమరిది ముందు ఏడవడం ఇష్టం లేక, పలకకు చుట్టుకున్న దారప్పోగులు ఏరాను.

అప్పుడు ఆటో వచ్చి ఆగింది. ముఠా అంతా అందులో కుక్కుకుని ఉంది. మేస్త్రమ్మ దిగి, వ్యాను వంక ఒకసారి, బావమరిది వంక ఒకసారి చూసి, లోపలికొచ్చి, కత్తిరింపుల బల్ల మీద ఒక గుడ్డ మూటను దబ్బున పడేసింది.

నా సంచే. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పట్టీలు పాత చీర అంచుతో మార్చి, తుంటి మీదికి వచ్చేట్టు కుట్టారు. మూతి లోపల సైకిలు ట్యూబు. ఒక పక్కన ఆకువక్క తిత్తి పట్టేంత చిన్న జేబు, అది ఎవరి కోసమో చెప్పక్కర్లేదు. కుట్లు వంకరటింకర, దారం నాలుగు రంగులు. మట్టి, చెమట, పత్తి నూగు. అడుగున మాత్రం నా బొందు అలాగే ఉంది.

"ఇదిగో ఆది" అంది మేస్త్రమ్మ. "దీని ప్రకారం అందరికీ కుట్టు."

బావమరిది రెండు వేళ్ళతో సంచీ కొస ఎత్తి, "ఏందమ్మా ఈ చింపిరి గుడ్డ! బావ కొట్టు మూసేస్తున్నాడు, కనపళ్ళా?" అన్నాడు.

"మూస్తే మూసుకోమను బాబూ. మా పని చేసి మూసుకోమను. నువ్వు చెయ్యి తియ్యి, మాసిపోద్ది."

ఎవరి చెయ్యి మాసిపోతుందో, ఏది మాసిపోతుందో బావమరిదికి అర్థం కాలేదు. నాకు మాత్రం బాగానే అర్థమైంది. చెవి మీది పెన్సిలు తీసి, దర్జీలా మాట్లాడటానికి ప్రయత్నించాను. "సరే అక్కా, ఆది ఉంచి వెళ్ళు. రెండ్రోజులు పట్టుద్ది. కొలతలు తీసుకుని ఇస్తా."

మేస్త్రమ్మ గయ్యిమంది. "ఉంచి పోతానా? రేపు తీత ఉంది సాయిబూ! ఇది లేకుండా ఎట్టా తీసేది?"

ఆమె తిట్టాననుకుంది. ఏం అన్నదో ఆమెకు తెలియనే తెలియదు. సంచీ లాక్కుని, నడుముకు చుట్టి, తుంటి మీద పట్టీలు బిగించి, చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. "ఊఁ, తీసుకో కొలతలు. తొరగా కానియ్, ఆటో వెయిటింగు."

టేపు నా మెడలోనే ఉంది. దాన్ని తియ్యడం మర్చిపోయి సంచీనే చూస్తున్నాను. మా ఆవిడ దారపు ఉండల డబ్బా కింద పెట్టి వచ్చింది. నా మెడలోంచి టేపు తీసుకుని మేస్త్రమ్మ తుంటి చుట్టూ తిప్పింది. కొలత పైకి చదివి, "రాసుకోండి" అంది నాతో. తర్వాత తల తిప్పకుండానే, "తమ్ముడూ, మిషను దించు" అంది.

"మెల్లగా పట్టమ్మా, చక్కిలిగింత!" అని మేస్త్రమ్మ కూత పెట్టి నవ్వింది. బయట ఆటోలో ముఠా అందుకుంది. బావమరిది మిషను ఒక కొస పట్టుకుని, వ్యాను డ్రైవరు రెండో కొస పట్టుకుని దించుతున్నారు. నేను కొలతలు తప్పుల్లేకుండా రాశానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

కొలతలయ్యాక మేస్త్రమ్మ చెప్పులేసుకుని, బాగుందని గాని బాగోలేదని గాని ఒక్క ముక్క అనకుండా వెళ్ళి ఆటో ఎక్కింది. నేను రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. లోపల అంత ఇరుకు, ఒకరి మీద ఒకరు కూర్చున్నారు, ఆమె ఒళ్ళో ఇంకొకరి పిల్ల. ఆటో రైలు గేటు దాటి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఆమె నడుం మీది సంచీ విప్పలేదు.